నవ్వులో న్యాయం – గురజాడ అప్పారావు గారు

కథలోకి కచేరీ ప్రవేశించినప్పుడు సత్యానికి ఎంత పాలు, హాస్యానికి ఎంత పాలు ఇవ్వాలి? టెలివిజన్ ఉన్న ప్రతి ఇంటిలోనూ నేడు ఈ ప్రశ్న ఉన్నది. ఆ తెరమీది హాస్య నాటికలలో న్యాయమూర్తి కొయ్యసుత్తి మోగిస్తాడు. మన దేశపు కోర్టులలో ఆ ఆచారమే లేదు. ఈ ప్రశ్నకు నూరేండ్లకు పూర్వమే సమాధానం చూపిన మహనీయులు గురజాడ వెంకట అప్పారావు గారు.

వీరు 1862 సెప్టెంబరు 21న నాటి విశాఖపట్నం జిల్లాలోని ఎస్. రాయవరంలో జన్మించారు. విజయనగరంలో చదివి 1886లో బి.ఏ. పట్టం పొందారు. కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా ఉండి, పిమ్మట మహారాజా కళాశాలలో అధ్యాపకులైనారు. 1897లో ఆనందగజపతి మహారాజు గతించిన తరువాత రీవా మహారాణి గారికి కార్యదర్శియై, సంస్థాన వారసత్వ వ్యాజ్యపు బరువును ఏండ్ల తరబడి మోశారు. కనుక దస్తావేజులు, వకీళ్లు, వాయిదాలు వీరికి కళ్లెదుటి సంగతులు.

వీరి 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా కొత్తరూపు దాల్చింది. మహారాజు తయారు చేయించిన పట్టికలో, మూడేండ్లలో ఆ జిల్లాలో జరిగిన కన్యాశుల్క వివాహాలు 1034. ఆ దురాచారంపై ఎక్కుపెట్టిన అస్త్రమే ఈ నాటకం.

ముసలి లుబ్ధావధాన్లు సొమ్మిచ్చి కొన్న పెండ్లికూతురు ఆడవేషం వేసిన కుర్రవాడు. వాడు వేషం విప్పి పారిపోగా, పిల్లను చంపినాడని ముసలివానిపై అభియోగం వస్తుంది. పుట్టని పిల్లకు హత్యకేసు! వేషంతో పుట్టిన ఆ చిక్కు మరొక వేషంతోనే విడుతుంది: మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి నిజం తెలుపుతుంది. ఇది హాస్యం తీసుకున్న స్వేచ్ఛ. కాని ఆ కేసు చుట్టూ ఉన్న కూటసాక్ష్యాలు, వకీళ్ల ఫీజులు, అగ్నిహోత్రావధాన్ల దావాల పిచ్చి – వీటిలో ఒక్కటీ కల్పన అనిపించదు. కేసు అబద్ధం, కచేరీ నిజం.

ఉర్దూ, తెలుగు పక్కపక్కన చదివే మన విద్యార్థులకు మరొక మాట. వకీలు, దావా, ఫిర్యాదు మనకు ఆ బాటన వచ్చిన పదాలే. 'ముద్దాయి' కూడా అంతే. అయితే ఉర్దూలో 'ముద్దయీ' అంటే ఫిర్యాది. తెలుగులో ముద్దాయి నిందితుడు. లుబ్ధావధాన్ల గతీ ఇదే. మోసపోయి ఫిర్యాది కావలసినవాడు ముద్దాయి అయినాడు.

అప్పారావు గారు 1915 నవంబరు 30న కీర్తిశేషులైనారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల వరండాలలో కొబ్బరితోట గట్టు కోసం వాయిదాలకు తిరిగేవారు మన కుటుంబాలలోనూ ఉన్నారు. వారి కష్టాన్ని మరపించే నవ్వు చౌకబారుది. ఆ కష్టాన్ని కళ్లకు కట్టించే నవ్వు అప్పారావు గారిది. రేపటి వకీళ్లూ, రేపటి రచయితలూ ఈ భేదం గుర్తించగలరని మా ఆశ.