మట్టిలో మందు వెతికించిన మనవాడు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెబితే బయోకెమిస్ట్రీ చదివే మిత్రులకు 1925 నాటి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి గుర్తుకొస్తుంది. నాకు మాత్రం పొలంలో మట్టి గుర్తుకొస్తుంది. నెల్లూరు తీరాన వరిచేల మధ్య పెరిగినవాణ్ణి గనక కాబోలు!

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నానికి గాని గట్టెక్కలేదు. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపమొచ్చింది. చివరికి చేతికందింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అయినా మామగారి అండతో అమెరికా వెళ్ళి, హార్వర్డులో కండరాల శక్తి రహస్యం మీద పనిచేశారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ ఆయన బృందం చలవే.

ఇక మట్టి సంగతి. మొక్కల తెగుళ్ళ మీద జీవితమంతా పనిచేసి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన లెడర్లీలో చేరాడు. ఏడు పదులు దాటిన ఆ మనిషికి సుబ్బారావు గారి విభాగంలో పనిచేసే చోటు దొరికింది. 1945లో మిస్సోరీ నుంచి వచ్చిన మట్టి నమూనాలో డగ్గర్‌కు బంగారు రంగు బ్యాక్టీరియా కనబడింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొట్టమొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. అప్పటికి వయసు 53.

ఆయన చూడకుండా పోయిన కథ ఇంకొకటుంది. జన్యువులకు దీపానికి ఉన్నట్టే స్విచ్చి ఉంటుందని 1961లో జాకబ్, మోనో వివరించారు. ఆ బంగారు బ్యాక్టీరియా కూడా మందును ఎల్లవేళలా తయారుచెయ్యదు. ఎదుగుదల మందగించాకే ఆ జన్యువులు మేలుకుంటాయి. టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే బ్యాక్టీరియాల సంగతి మరీ చిత్రం. వాటిలో కొన్నింటికి లోపల ఒక కాపలా ప్రోటీన్ ఉంటుంది. మందు లోపలికి రాగానే అది జన్యువును వదిలి పక్కకు తప్పుకుంటుంది. అప్పుడా జన్యువు పనిచేసి, మందును బయటికి తోడేసే పంపును తయారుచేస్తుంది. అంటే మందే తన శత్రువును నిద్రలేపుతున్నదన్నమాట!

ఇది పరీక్ష కోసం బట్టీపట్టే ముక్క కాదు. వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు మన రైతులు ఏళ్ళ తరబడి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన మందు కొడుతూ వచ్చారు. ఎడాపెడా కొట్టిన కొద్దీ తట్టుకునే బ్యాక్టీరియాలే మిగులుతాయి. అలా మిగిలినవాటి జన్యువులు మనుషుల రోగక్రిములకూ చేరితే, రేపు ఆస్పత్రిలో పనికిరావలసిన మందు పనికిరాకుండా పోతుంది. మరో దారి కూడా ఉంది. శిలీంధ్రపు తెగుళ్ళకు సూడోమోనాస్ లాంటి మేలుచేసే బ్యాక్టీరియానే పొలానికి పంపడం. అవి వేళ్ళ దగ్గర గుంపుగా చిక్కబడ్డాక, తమ స్విచ్చి తామే వేసుకుని విషాన్ని తయారుచేసి బూజును అణుస్తాయి.

మిస్సోరీ మట్టిలో దొరికింది పెన్నా డెల్టా మట్టిలో, పులికాట్ ఒడ్డు ఉప్పునేలలో దొరక్కూడదని ఎక్కడా రాసిలేదు. వెతికేవాళ్ళు కావాలి. మార్కులు తక్కువొచ్చాయని దిగులుపడే మిత్రులారా, మూడుసార్లు మెట్రిక్ రాసిన ఆ భీమవరం కుర్రవాణ్ణి ఒక్కసారి తలచుకోండి. తర్వాత ఒక పరీక్షనాళికలో మన ఊరి మట్టి తెచ్చుకుని ల్యాబుకు రండి.