తోలు ఎంచుకున్న తెనాలి కుర్రాడు

ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌ని కొలిమిలో పెడితే ఏమవుతుంది? కరుగుతుంది, కాలుతుంది అంటారు కదా. కానీ సిలికాన్ ఉన్న కొన్ని పాలిమర్లను గాలి తగలకుండా, ఆర్గాన్ వాయువులో వెయ్యి డిగ్రీలు దాటించి వేడి చేస్తే సిలికాన్ కార్బైడ్ అనే గట్టి సిరామిక్ మిగులుతుంది. జపాన్‌కి చెందిన సెయిషి యజిమా బృందం 1975లో ఇలాగే సన్నటి సిరామిక్ దారాలు తీసింది. ఇందులో ఒక కిటుకు ఉంది. కొలిమిలో పెట్టకముందే పాలిమర్ గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేయాలి. లేదంటే దారం కాస్తా కరిగిపోతుంది.

గొలుసుల్ని ముడివేసే ఇలాంటి రసాయనశాస్త్రాన్నే జీవితంగా చేసుకున్నాయన మీ పక్క ఊరివాడే. పేరు యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో 1922 సెప్టెంబరు 10న రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది.

బనారస్‌లో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివాక ఆయన మద్రాసు వెళ్లి తోలు రంగంలో చేరారు. తోలు పనంటే జనం ముక్కు మూసుకునే రోజులవి. ఆ పని చేసేవాళ్లను కులం పేరుతో దూరం పెట్టేవారు. ఆయన మాత్రం అందులో సైన్సు చూశారు. చర్మంలోని కొల్లాజెన్ కూడా పాలిమరే. తడి పచ్చితోలు 60–65 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేస్తే గొలుసుల మధ్య వంతెనలు పడి, మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది. అమెరికాలోని లీహై యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి తిరిగొచ్చారు.

1958లో మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. అక్కడ ఆయన చేసిన పెద్ద పని, చర్మకారులకు ల్యాబ్ తలుపులు తెరవడం. పరిశోధన వాళ్ల తొట్ల దాకా వెళ్లాలన్నది ఆయన పట్టుదల. 1971లో సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ ఏడాదే పద్మశ్రీ వచ్చింది. తర్వాత ఢిల్లీ జేఎన్‌యూ వైస్ చాన్స్‌లర్‌గానూ చేశారు. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరం దగ్గర కనిష్క విమానం బాంబు పేలుడులో కూలిపోయింది. చనిపోయిన 329 మందిలో ఆయన ఒకరు.

ఇదంతా మీకెందుకంటారా? తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కెమికల్, మెటలర్జీ లాంటి బ్రాంచీలు తీసుకుని, సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్‌ని చూసి బెంగపడేవాళ్లు మీలోనే ఉంటారు. నేనూ ఆ బెంగ పడ్డవాణ్నే. హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ, డీఎంఆర్ఎల్ లాంటి సంస్థలు అధునాతన పదార్థాలపై పనిచేస్తున్నాయి. పాలిమర్ల పాఠాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేయకండి. గొలుసులు ఎలా ముడిపడతాయో ఒక్కసారి శ్రద్ధగా చదవండి. జనం ముక్కు మూసుకున్న చోటే నాయుడమ్మ గారికి దారి దొరికింది. మీ దారి కూడా ఎవరూ పట్టించుకోని సబ్జెక్టులోనే ఉందేమో చూసుకోండి.