శ్రీ రమణ మహర్షి – శ్వాసమూలాన్వేషణము

నేను అని పలుకునపుడు ఎవ్వరును తలను గాని పాదమును గాని చూపరు. చేయి తనంతట తానే రొమ్ముపైకి పోవును. శ్రీ రమణ మహర్షి ఈ సంగతిని భక్తులకు పలుమారులు ఎత్తి చూపెడివారు. ఆ చోటు గుండెకాయ కాదనియు, నేను అను తలంపు పుట్టు హృదయమనియు వారి భావము. మనబోటి వారికి మాత్రము అది ఊపిరి లేచి పడుచుండు చోటు. అది ఆడుచున్నంతవరకే నేనుందునని మన నమ్మకము. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో పదునారేండ్ల ప్రాయముననే తరచి చూచిన మహనీయులు వారు.

మధుర ప్రాంతమున తిరుచ్చుళి గ్రామములో 1879 డిసెంబరు 30వ తేదీన వారు జన్మించిరి. పేరు వేంకటరామన్. 1892లో తండ్రి సుందరమయ్యరు గతించగా మధురలో పినతండ్రి సుబ్బయ్యరు ఇంట పెరిగిరి. చదువుపై ఆసక్తి తక్కువ, ఆటలన్న ప్రీతి, ఒడలు దృఢము.

1896 జూలై నడుమ ఒకనాడు ఆ యింటి మేడగదిలో ఒంటరిగా నుండగా హఠాత్తుగా మరణభీతి ఆవరించెను. జబ్బు లేదు, వేరొక కారణమును లేదు. మరియొక బాలుడైనచో పెద్దలను కేకవేసి యుండును. వేంకటరామన్ ఆ భయమును పరీక్షకు పెట్టిరి. నేలపై పరుండి, కాలుసేతులను శవమువలె బిగదీసి, పెదవులను గట్టిగా మూసి, ఊపిరిని బంధించిరి. ఈ దేహము ఇక శవమే, దీనిని శ్మశానమున దహింతురు, దీనితో నేను అను ఎరుకయు దగ్ధమగునా అని లోనికి చూచిరి. ఒడలు కట్టెయైనను ఆ ఎరుక మునుపటికంటె తేటగా వెలుగుచునే యుండెను. మరణభయము మరల వారి దరికి రాలేదు.

ఊపిరినే ఏల బంధింపవలెను? ఈ ప్రశ్న చిన్నది కాదు. గుండె మన ఆజ్ఞను వినదు; జీర్ణక్రియ అంతకన్నను వినదు. శ్వాస యొక్కటియే ఇద్దరు ఏలికల కొలువులో నున్నది. నిద్రలో దానిని మెదడు అడుగుభాగము నడిపించుచుండును. మెలకువలో మనము తలచినచో కొంతసేపు ఆపవచ్చును. రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగగానే ఆ పట్టు సడలిపోవును. దేహము లోపలినుండి అందు ఇట్టి సమాచారముతోనే, కంటికి కనబడు రూపమునకు తోడుగా, ఇది నా ఒడలు అను భావము అల్లబడుచున్నదని నేటి శరీరశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దేహభావమునకు అట్టి పునాదియైన దానినే ఆ బాలుడు కదలించి చూచెను.

ఆగస్టు 29న ఇల్లు విడిచి, సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరి అరుణాచలేశ్వరుని సన్నిధిలో నిలిచిరి. పాతాళలింగపు చీకటిలో పురుగులు తొడలను కొరికి పుండ్లు చేసినను వారికి తెలియలేదు. ఇతరులు మోసికొని వెలుపలికి తెచ్చిరి. జనులు ఈ ఘట్టమునే పదేపదే చెప్పుకొందురు గాని, వారి కథలో ఇది ఒక మజిలీ మాత్రమే.

విరూపాక్ష గుహలో నున్న దినములలో, 1900–1902 నడుమ, పురపాలక సంఘపు ఓవర్సీయరు గంభీరం శేషయ్య యోగవిషయములపై సందేహములు అడుగుచుండగా, మౌనముననున్న స్వామి కాగితపు ముక్కలపై సమాధానములు వ్రాసి యిచ్చిరి. అవి పిదప విచారసంగ్రహమను గ్రంథమైనవి. అందు రేచక పూరక కుంభకములకు జ్ఞానపరమైన అర్థము కలదు. దేహము నేను కాదని విడుచుట రేచకము. నేనెవడనని లోనికి వెదకుట పూరకము. అదియే నేనని నిలుచుట కుంభకము.

బొబ్బిలి ప్రాంతపు కలువరాయిలో జన్మించిన కావ్యకంఠ గణపతి శాస్త్రి 1907 నవంబరు 18న కొండయెక్కి, ఏండ్ల తరబడి మంత్రజపము చేసినను తపస్సు స్వరూపము తెలియలేదని వారి పాదములను పట్టుకొనెను. నేను అనునది ఎచట పుట్టునో, మంత్రపు నాదము ఎచటినుండి లేచునో చూడుమని వారు సెలవిచ్చిరి. అంతవరకు బ్రాహ్మణస్వామిగా పిలువబడిన ఆ యువకునికి భగవాన్ రమణ మహర్షి యను పేరు పెట్టినది ఈ తెలుగు పండితుడే.

1912లో ఒక ఉదయము పచ్చయమ్మ కోవెలలో అభ్యంగన స్నానమాడి, పళనిస్వామి, వాసుదేవశాస్త్రి మున్నగువారితో గుహకు మరలి వచ్చుచుండిరి. కూర్మశిల యొద్దకు వచ్చుసరికి ఒడలు తూలెను. కన్నుల యెదుట తెల్లని తెర జారినట్లు పరిసరములు కొంచెము కొంచెముగా మరుగుపడెను. ఆగిరి; తేరుకొనిరి; మరల తెర జారెను. మూడవ మారు చూపు పూర్తిగా పోగా శిలకు చేరగిలబడిరి. రక్తప్రసారము నిలిచెను. శ్వాసయు నిలిచెను. చర్మము నీలివర్ణమాయెను. ప్రాణము పోయినదని తలచి వాసుదేవశాస్త్రి కౌగిలించుకొని విలపించెను. విచిత్రమేమన, ఆ కౌగిలియు, ఆ చేతుల వణకును, ఆ యేడుపును వారికి తెలియుచునే యుండెను. పది పదునైదు నిమిషములైన పిదప ఒక్క అదరు ఒడలంతయు ప్రాకెను. రక్తము కదలెను, ఊపిరి ఆడెను, రోమరోమమునను చెమట పోసెను. కన్నులు తెరచి, లేచి, ఇక పోవుదమని నడక సాగించిరి. మధురలో ఊపిరిని బంధించినది తామే. ఇచట అది తనంతట తానే నిలిచినది. కోరి తెచ్చుకొన్నది కాదని వారే పిదప స్పష్టపరచిరి.

1922 మే 19న తల్లి అళగమ్మ అవసానదశలో నుండగా, ఉదయము మొదలు రాత్రి ఎనిమిది గంటల వరకు ప్రక్కనే కూర్చుండి, ఒక చేతిని ఆమె హృదయముపై, వేరొకదానిని శిరస్సుపై ఉంచిరి. పూర్వము పళనిస్వామి కడపటి క్షణములలో చేతిని తొందరపడి తీసివేసిరి. ఈసారి అట్లు చేయలేదు.

1927లో మురుగనార్ కోరికపై తమిళమున ముప్పది పద్యములుగా రచించిన ఉపదేశసారమును తెలుగు, సంస్కృత, మలయాళములలోనికి తామే తెచ్చిరి. మనస్సును ప్రాణమును ఒకే మూలమునుండి చీలిన కొమ్మలని అందలి తాత్పర్యము. ఊపిరిని అదుపు చేసిన మనస్సు వలలో చిక్కిన పిట్టవలె అణగును. కాని అది లయమే గాని నాశము కాదు. పట్టు విడువగానే మరల ఎగురును. అందుచే ప్రాణాయామమును వారు నిందింపలేదు, అదియే గమ్యమనియు చెప్పలేదు. విచారమునకు శక్తి చాలని వారికి అది కళ్ళెము. బిగింపులేవియు లేక ఊపిరి రాకపోకలను ఊరక గమనించినను చాలుననెడివారు.

ఎడమ చేతిపై పుట్టిన వ్రణము 1949లో నాలుగు శస్త్రచికిత్సలకును లొంగలేదు. 1950 ఏప్రిల్ 14 సాయంకాలము శ్వాస కష్టమైనపుడు వైద్యుడు ప్రాణవాయువు నీయబోగా కుడిచేతితో వలదని సైగ చేసిరి. వెలుపల భక్తులు అరుణాచల అక్షరమణమాలను పాడనారంభించిరి. వారు కన్నులు తెరచిరి. కనుకొలకులనుండి బాష్పములు జారెను. రాత్రి 8 గంటల 47 నిమిషములకు ఒక దీర్ఘశ్వాస వెడలెను. పెనుగులాట లేదు. తరువాతి శ్వాస రాలేదు.