రహీం మాస్టారు

హైదరాబాదులో ఫుట్‌బాల్ సంగతి తెలిసిన పెద్దల దగ్గర కూర్చుంటే మొదట వినిపించే పేరు రహీం సాబ్‌దే. 2024లో ఆయన మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో చాలామందికి ఆ పేరే తెలియదు. సినిమా అన్నాక హంగులు తప్పవు గదా. ఆయన చేసిన పనిలో మాత్రం హంగు లేదు. బడిలో పాఠం చెప్పినట్టే మైదానంలో ఆట చెప్పారు, అంతే.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టులో ఆడి మంచి ఆటగాడనిపించుకున్నారు. బి.ఏ. పాసై ఉపాధ్యాయుడుగా చేరి కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలైన చోట్ల పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకున్నారు. 1940ల మొదట్లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యత చివరి రోజుదాకా మోశారు.

ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకుంది. కలకత్తా పెద్ద క్లబ్బులవాళ్లు ఈ పోలీసులెవరని ఆరా తీశారంటే ఆశ్చర్యం లేదు. ఇక ఆయన శిక్షణ పద్ధతి వింటే నవ్వొస్తుంది గాని ఆలోచిస్తే ఎంత తెలివైనదో తెలుస్తుంది. కుడికాలివాటం కుర్రాళ్లు ఎడమకాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి ప్రత్యేకంగా పోటీలు నడిపారు. బంతిని ఒక్కడే కాలిదగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేస్తూ పోకూడదని మరో రకం పోటీలు. ఏ కాలితోనైనా తన్నగలగాలి, బంతి వచ్చిన వెంటనే తోటివాడికి అందించాలి. ఈ రెండూ నోటితో చెబితే ఎక్కవు, ఆడిస్తేనే ఎక్కుతాయని ఆ మాస్టారు కనిపెట్టారు.

సికింద్రాబాదు పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన కంటబడిన తీరు కూడా చెప్పుకోదగ్గది. శిక్షణకు రమ్మంటే, రోజూ హైదరాబాదు వచ్చిపోవడానికి డబ్బులేవీ అన్నాడట ఆ కుర్రవాడు. రహీం గారే సైకిలు అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. బలరాం తరువాత రెండు ఒలింపిక్స్ ఆడారు. రోం ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోళ్లు కొట్టారు. ఆ సైకిలు అద్దె సంగతి ముసలితనంలోనూ చెప్పుకునేవారు.

దేశపు జట్టుకు శిక్షకుడుగా రహీం గారి మొదటి పెద్ద విజయం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో వచ్చింది. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్లు స్వర్ణం తెచ్చారు. సంబరం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 దెబ్బ తిన్నాం. ఆ చలిలో మన ఆటగాళ్లు చాలామంది బూట్లు లేకుండానే దిగారు. ఇంకొకరైతే దురదృష్టమని సర్దిచెప్పుకునేవారు. ఈయన మాత్రం ఆ ఏడాది స్వర్ణం గెలిచిన హంగరీవాళ్ల ఆటలో తనకు పనికొచ్చేవి ఏరుకున్నారు. తరువాత మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి, జట్టు నిలబడే వరసా మారింది.

నాలుగేళ్లకు ఫలితం కనబడింది. 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ ఆ యుగోస్లావియాయే ఎదురయింది. మొదటి గోలు మనమే కొట్టినా చివరికి 4-1తో ఓడి, మొత్తం మీద నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. 1960 రోంలో గెలుపు దక్కలేదు గాని ఫ్రాన్సును 1-1తో నిలువరించాం.

1962 జకార్తా నాటికి రహీం గారి ఆరోగ్యం బాగా చెడింది. సిగరెట్టు అలవాటు ఆయన్ను వదల్లేదు. అక్కడ పరిస్థితీ మనకు అనుకూలంగా లేదు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టారని ఊరు ఊరంతా మనమీద మండిపడుతున్నది. ఆట చూస్తే, మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాత థాయిలాండ్ మీద గెలిచాం గాని డిఫెన్సుకు గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే అతణ్ని ఇక కూర్చోబెట్టేవారు. రహీం గారు అతణ్ని ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో ఒక గోలు అతనిదే.

ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, తనకు రేపు ఒకే ఒక్క కానుక కావాలని అడిగారట. అది ఆ బంగారు పతకం. సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది గేలి చేస్తుండగా మళ్లీ దక్షిణ కొరియాతోనే తలపడ్డాం. జ్వరంపడి లేచిన తంగరాజ్‌నే గోల్‌కీపరుగా నిలిపారు. పి.కె. బెనర్జీ ఒకటి, కుట్లతో ఉన్న జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో గెలిచాం. ఆనాడు ఆడిన పదకొండుగురిలో బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ మన జంటనగరాల మైదానాల్లో పెరిగినవారే.

తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కాన్సరుతో రహీం గారు కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని మొదలు కాలేదు. రోం జట్టులో ఉన్న కుమారుడు షాహిద్ హకీం తరువాత అంతర్జాతీయ రిఫరీ అయి, 2021లో పోయారు.

1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కాంస్యం వచ్చింది. నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, శిక్షకుల్లో ఒకరు రహీం గారి శిష్యుడు పి.కె. బెనర్జీ. అటుపిమ్మట 2023 హాంగ్‌జౌ క్రీడల దాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం రాలేదు.