యానాం రమణయ్య గారు: ఫ్రెంచి పోలీసు నుంచి ప్రజల పక్షానికి

సంచికకి ఒక పెద్దమనిషి గురించి రాయమని కమిటీవారు మా మీద పెట్టారు. మేము ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నవాళ్లం. సంఘం లెక్కల పుస్తకం రాయడమే తప్ప వ్యాసాలు రాసిన అలవాటు లేదు. తప్పులుంటే క్షమించాలి.

మేము ఎంచుకున్న మనిషి దడాల రఫేల్ రమణయ్య గారు. 1908లో యానాం పక్కన ఫరంపేటలో పుట్టారు. లేనివాళ్ల ఇల్లు. పేరులోనే రెండు లోకాలు కనబడతాయి, రఫేల్ ఒకటి, రమణయ్య ఒకటి.

అప్పటి యానాం అంటే నేటి పిల్లలకి చెప్పాలి. చుట్టూ గోదావరి జిల్లా, నడుమ ముప్పై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి రాజ్యం. వాళ్లు ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా గుడ్డ కోసమే. మన ముత్తాతల మగ్గాల మీది నూలుగుడ్డ ఓడెక్కి సముద్రాలు దాటింది. నీలిమందు అద్దిన గినీ గుడ్డకి పుదుచ్చేరి నుంచి ఆఫ్రికా దాకా గిరాకీ ఉండేది. ఇక 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిషువారి వైపు బాల్యవివాహాలు ఆగిపోతే, పెళ్లివారు యానాం వచ్చి తాళి కట్టించుకుని పోయేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. ఆ పెళ్లిళ్ల పుణ్యమా అని పట్టుచీరలు బాగా అమ్ముడుపోయేవని మా పెద్దలు చెప్పుకునేవారు. మంచి బేరమే గానీ, మంచి పని కాదు.

రమణయ్య గారు ఫ్రెంచి పోలీసులో చేరి ఇన్‌స్పెక్టరు స్థాయికి ఎదిగారు. లేని ఇంటి తెలుగువాడికి ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. నెల జీతం, యూనిఫారం, ఊళ్లో దండం పెట్టేవాళ్లు. మన ఇళ్లల్లో ఒక పిల్లవాడికి సర్కారు ఉద్యోగం వస్తే వీధి వీధంతా ఎలా చెప్పుకుంటుందో తెలుసు కదా.

కానీ ఆ సర్కారు ఎలాంటిదో కూడా మనం మరచిపోకూడదు. 1936 జులై 30న పుదుచ్చేరిలో సవానా మిల్లు కార్మికుల మీద కాల్పులు జరిపి పన్నెండు మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లు అడిగింది కూలి, పనిగంటలు. నూలు వడికేవాళ్లు, గుడ్డ నేసేవాళ్లు, మనలాంటివాళ్లే. ఆ మర్నాడు పుదుచ్చేరి పోలీసుల్లో మన దేశపువాళ్లకి అన్నం ఎలా దిగిందో అని మేము అనుకుంటూ ఉంటాం.

1947 తరవాత చుట్టూ స్వతంత్ర దేశం, మధ్యలో ఫ్రెంచి జెండా. 1949లో కస్టమ్స్ ఒప్పందం పోయింది. సరిహద్దు దాటే ప్రతి మూటకీ తనిఖీ. నూలు కట్ట కూడా అనుమానమే. రమణయ్య గారు ఉద్యోగం నుంచి బయటికొచ్చి విలీన పక్షంలో చేరారు. తన కింద పనిచేసిన పోలీసులకే ఎదురు నిలబడాల్సి వస్తుందని తెలిసే చేరారు. భార్యాబిడ్డలున్న మనిషికి ఆ అడుగు ఎంత బరువో, జీతం మీద బతికినవాడికే తెలుస్తుంది.

1954 మార్చిలో పుదుచ్చేరి మేయర్లు విలీనానికి తీర్మానం చేశారు. జూన్ 13, ఆదివారం. రమణయ్య గారి నాయకత్వంలో వలంటీర్లు యానాం మీదికి నడిచి పోలీసు స్టేషనూ అధికారి బంగళా పట్టుకున్నారు. మన జెండా ఎగిరింది. మాహే ఆ తరవాత నెలలో, జులై 16న, చేతికొచ్చింది. ఫ్రెంచివారు ఇది ఇండియా వైపు నుంచి చేయించిన దాడి అన్నారు, మనవాళ్లు ప్రజల విమోచన అన్నారు. మా మటుకు మేము రెంటిలోనూ కొంత నిజం ఉందంటాం. వలంటీర్లలో సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అయితే దాన్ని నడిపించింది మాత్రం ఫరంపేట బిడ్డ.

ఆ తరవాత కొంతకాలం ఆ చిన్న ఊరి పాలన ఆయన చేతిలోనే ఉంది. స్టేషను మెట్టు మీద ఎవరికి సెల్యూటు కొట్టాలో ఏళ్ల తరబడి నేర్చుకున్న మనిషి, ఇప్పుడు ఊరికి పెద్ద అయ్యారు. అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రతినిధుల్లో 170 మంది విలీనానికి ఓటేశారు. నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. కాగితాల మీద పూర్తిగా చెల్లింది మాత్రం 1962 ఆగస్టు 16నే.

తరవాతి రాజకీయం ఆయనకి పెద్దగా కలిసిరాలేదు. 1963లో పుదుచ్చేరికి తొలి ముఖ్యమంత్రి అయింది ఎడ్వర్డ్ గుబేర్. ఆయన కూడా ఒకప్పుడు ఫ్రెంచివారి పక్షం ఉండి తరవాత ఇటు తిరిగినవారే. ముప్పై మంది ఎన్నికైన సభ్యుల సభలో యానానికి ఒక్క సీటు. అదీ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన. పక్క రాష్ట్రంలో ఉండే మనలాంటి తెలుగువారికి ఈ బాధ కొత్తది కాదు. పని చేసేది ఒకరు, కుర్చీ ఎక్కేది వేరొకరు. మా సంఘంలో కూడా ఇదే చూశాం.

రమణయ్య గారు తన పోరాటాన్ని తానే ఇంగ్లీషులో పుస్తకంగా రాసిపెట్టారు. 1991లో పోయారు. ఆ పుస్తకం తెలుగులో ఎవరైనా దింపితే అచ్చు ఖర్చులో మా సంఘం వాటా పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. సమాఖ్యవారు కూడా ఆలోచించాలని ఈ సంచిక ద్వారా మనవి చేసుకుంటున్నాం.