వ్రతం కాని మౌనం

రమణ మహర్షి మౌనవ్రతం పట్టారని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో కూడా అలాగే చెప్పుకుంటారు. నిజానికి ఆయన ఏ వ్రతమూ పట్టలేదు. మాట్లాడాలని అనిపించలేదు కాబట్టి మాట్లాడలేదు, అంతేనని తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పారు. ఈ చిన్న తేడా తెలిశాకే నాకు ఆయన జీవితం చదవాలనిపించింది. వ్రతమంటే లెక్క ఉంటుంది, మొదలూ చివరా ఉంటాయి, పక్కవాళ్ళు చూడాలన్న కోరిక కూడా కాస్త ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు.

తెలుగు గోడపత్రికలో తమిళ మహర్షి ఏమిటని అడగబోయేవాళ్ళకు జవాబు ముందు ముందు వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

ఆయన అసలు పేరు వేంకటరామన్. 1879 డిసెంబర్ 30న తిరుచ్చుళిలో పుట్టాడు. తండ్రి సుందరం అయ్యర్ ప్లీడరు, తల్లి అళగమ్మాళ్. వేంకటరామన్‌కు పన్నెండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. అన్న నాగస్వామితో కలిసి మన మదురైలో చిన్నాన్న ఇంటికి వచ్చాడు. స్కాట్స్ మిడిల్ స్కూల్లోనూ, తర్వాత అమెరికన్ మిషన్ హైస్కూల్లోనూ చదివాడు. చదివాడు అంటే ఏదో చదివాడు. ఫుట్‌బాల్, కుస్తీ, ఈత, వీటి మీదే మనసంతా. నిద్ర ఎంత మొద్దునిద్రంటే, పగలు అతణ్ణి కొట్టలేని పిల్లలు రాత్రి నిద్రపోతున్నప్పుడు ఎత్తుకెళ్ళి కొట్టి మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేవాళ్ళట. పొద్దున్న లేస్తే అతనికి ఏమీ తెలిసేది కాదు.

మీనాక్షి గుడి దక్షిణ గోపురానికి దగ్గర్లో చొక్కప్ప నాయకన్ వీధి ఉంది. పేరు చూస్తేనే నాయకరాజుల కాలం గుర్తొస్తుంది కదా. ఆ వీధిలోని ఇంటి మేడమీద గదిలో, 1896 జూలైలో ఒకరోజు, ఆరోగ్యంగా ఉన్న పదహారేళ్ళ పిల్లవాడికి ఉన్నట్టుండి చావుభయం పట్టుకుంది. డాక్టరు కోసం పరిగెత్తలేదు, ఎవరినీ పిలవలేదు. వెల్లకిలా పడుకుని చేతులూ కాళ్ళూ బిగబట్టి, పెదవులు మూసి, శవంలా ఉండి చూశాడు. ఈ ఒళ్ళు పోతే నేననేది కూడా పోతుందా అని లోపల వెతికాడు. పోనిదేదో ఉందని అతనికి తెలిసింది. అది కొన్ని నిమిషాల సంగతే. ఇప్పుడు ఆ ఇల్లు రమణ మందిరం. బయట ఆటోల హారన్లు, దుకాణాల గోల, పండగ రోజుల్లో మైకులు. అప్పుడు మైకులు లేవు గానీ, పక్కనే అంత పెద్ద గుడి, ఇంటినిండా జనం ఉన్న చోటు ప్రశాంతంగా ఉండే అవకాశం తక్కువే. చెప్పొచ్చేదేమిటంటే, ఆయన నిశ్శబ్దమైన చోటు వెతుక్కుని వెళ్ళి మౌనం తెచ్చుకోలేదు. అది ఇంట్లోనే, మేడమీదే దొరికింది.

ఆ తర్వాత చదువు ఎక్కలేదు. ఆగస్టు 29న, ఇంగ్లీషు గ్రామరు పాఠం మూడుసార్లు రాసుకురమ్మన్న శిక్ష ఉంది. రెండుసార్లు రాసి పుస్తకం పక్కన పెట్టేసి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అన్న చూసి, ఇలాంటివాడికి ఈ చదువూ ఇల్లూ ఎందుకని ఎత్తిపొడిచాడు. మాట సూటిగా తగిలింది. స్కూల్లో ప్రత్యేక క్లాసు ఉందని చెప్పి లేచాడు. అయితే పెట్టెలోంచి అయిదు రూపాయలు తీసుకెళ్ళి నా కాలేజీ ఫీజు కట్టమన్నాడు అన్న. వేంకటరామన్ మూడు రూపాయలు తీసుకుని, రెండు రూపాయలు ఒక చీటీతో వదిలిపెట్టాడు. తన కోసం వెతకవద్దనీ, డబ్బు ఖర్చుపెట్టవద్దనీ, ఫీజు ఇంకా కట్టలేదనీ అందులో ఉంది. ఆ చీటీ మొదట్లో నేను అని ఉంటుంది. కొంచెం ముందుకెళ్ళేసరికి ఇది అని ఉంటుంది. సంతకం ఉండాల్సిన చోట ఒక గీత ఉంది. వ్యాకరణం శిక్షగా రాస్తూ లేచిపోయిన కుర్రాడు ఉత్తమపురుష సర్వనామాన్నే వదిలేశాడు. మన వ్యాకరణం క్లాసులో ఉదాహరణగా చెప్పాల్సిన చీటీ అది.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పను. పాత అట్లాసు చూసి తిండివనానికి టికెట్టు కొన్నాడు. తిరువణ్ణామలైకి విళుప్పురం మీదుగా రైలుందని బండిలో ఒక మౌల్వీ చెబితేనే తెలిసింది. డబ్బు చాలక కొంత దూరం నడిచాడు, చెవిపోగులు తాకట్టు పెట్టాడు. సెప్టెంబర్ 1 పొద్దున్న అరుణాచలేశ్వరుడి గుడిలో అడుగుపెట్టాడు. తలగొరిగించుకుని, మిగిలిన డబ్బు చెరువులో పారేశాడు. ఆ ఊరు వదిలి మళ్ళీ ఎక్కడికీ పోలేదు. యాభైమూడేళ్ళు పైగా!

గుడిలో వెయ్యికాళ్ళ మండపంలో కూర్చున్నాడు. మాట లేదు, ఉలుకు లేదు. అల్లరి పిల్లలు రాళ్ళు విసిరారు. వాళ్ళ బాధ పడలేక చీకట్లో ఉన్న పాతాళ లింగం గుహలోకి వెళ్ళాడు. అక్కడ చీమలూ పురుగులూ తొడలు తినేసి పుండ్లు పడ్డాయి. అయినా తెలియలేదు. శేషాద్రి స్వామి చూసి, కొంతమంది సాయంతో బయటికి మోయించారు. నోట్లో అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఈ రోజుల గురించి చదువుతుంటే నాకు భక్తి కంటే భయమే ఎక్కువ కలిగింది. ఎవరూ పట్టించుకోకుండా ఉంటే ఆ పిల్లవాడు బతికేవాడు కాదు. మౌనం గొప్పదని చెప్పే పుస్తకాలు, ఆ మౌనాన్ని బతికించడానికి అన్నం తెచ్చిన చేతుల గురించి కూడా ఇంకొంచెం రాయాలి.

ఇక అమ్మ సంగతి. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగిపోయాను.

కొడుకు ఆచూకీ తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ముందు చిన్నాన్న వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. 1898 డిసెంబర్‌లో అళగమ్మాళ్ పెద్దకొడుకును వెంటబెట్టుకుని పవళకున్రు అనే గుట్టకు వెళ్ళింది. జడలు కట్టిన జుట్టు, పెరిగిన గోళ్ళు, ఒంటినిండా మట్టి. అయినా గుర్తుపట్టింది. ఇంటికి రమ్మంది. రోజూ తినడానికి ఏదో ఒకటి చేసి తెచ్చింది. బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. అతను ఒక్క మాట పలకలేదు. చూసి తట్టుకోలేక ఒకాయన, మాట్లాడకపోతే పోనీ, రాసైనా ఇవ్వండని కాగితం, పెన్సిలు ఇచ్చాడు. అప్పుడు రాశాడు. ఎవరి ప్రారబ్ధం ప్రకారం వాళ్ళను నడిపేవాడు నడుపుతాడు, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదు, జరిగేది ఎంత ఆపినా ఆగదు, కాబట్టి మౌనంగా ఉండటమే మేలు అని దాని సారాంశం. అమ్మా అన్న పిలుపు అందులో లేదు. ఆమె తిరిగి వెళ్ళిపోయింది.

చాలా జీవితచరిత్రలు ఈ ఘట్టాన్ని వైరాగ్యానికి గుర్తుగా చెప్పి దాటిపోతాయి. నేను దాటలేకపోయాను. మన ఇళ్ళల్లో మాట్లాడకుండా ఉండటం ఒక ఆయుధం కూడా కదా. అలిగినవాళ్ళు మాట్లాడరు, అధికారం ఉన్నవాళ్ళు జవాబివ్వరు. ఆడపిల్లలకైతే నోరుమూసుకోవడం నేర్పించి మరీ పెంచుతారు. అందుకే మౌనం మంచిదని ఎవరైనా అంటే, ఎవరి మౌనం అని అడగాలనిపిస్తుంది. 1898లో ఆ గుట్టమీద కొడుకు మౌనం అతనికి శాంతి కావచ్చు, అళగమ్మాళ్‌కు మాత్రం శిక్షే.

అక్కడితో కథ అయిపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. 1899 నుంచి ఆయన కొండమీద విరూపాక్ష గుహలో ఉన్నారు. 1902లో శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ ఉద్యోగి వచ్చి, నేనెవరు అన్న ప్రశ్నతో మొదలుపెట్టి చాలా అడిగితే, ఇసుకలోనూ పలకమీదా రాసి జవాబులు చెప్పారు. ఇప్పుడందరూ చదివే నేనెవరు అనే చిన్న పుస్తకం అలా పుట్టింది. మాట ఫలానా రోజున తిరిగొచ్చిందని చెప్పలేం, కొంచెం కొంచెంగా వచ్చింది. 1907 నవంబర్ 18న మన తెలుగాయన, బొబ్బిలి దగ్గర కలువరాయి ఊరి కావ్యకంఠ గణపతి ముని, మిట్టమధ్యాహ్నం ఎండలో కొండెక్కి వచ్చి, ఇంత జపం చేశాను, అసలు తపస్సంటే ఏమిటో తెలియలేదని కాళ్ళు పట్టుకున్నారు. స్వామి చాలాసేపు ఊరికే చూసి, ఆ తర్వాత కొద్ది మాటల్లో జవాబిచ్చారు. రమణ మహర్షి అన్న పేరు పెట్టింది ఆ గణపతి మునే. లోకమంతా పిలిచే పేరు ఒక తెలుగు పండితుడిచ్చింది. ఆయన కూడా తెలుగు నేర్చుకుని, 1927లో తమిళంలో రాసిన ఉపదేశ ఉందియార్‌ను అనుభూతి సారం అని తెలుగులో తానే చెప్పారు. మా ఇంట్లో అవ్వతో తెలుగు, నాన్నతో తమిళం మాట్లాడే నాకు ఇది తెలిసి ఎంత ముచ్చటేసిందో.

1914లో అళగమ్మాళ్ తిరుపతి యాత్ర చేసి తిరిగి వెళుతూ కొడుకు దగ్గర ఆగి టైఫాయిడ్‌తో మంచం పట్టింది. పదహారేళ్ళ క్రితం పలకని కొడుకు ఈసారి పక్కన కూర్చుని వారాల తరబడి సేవ చేశాడు. ఆమెను కాపాడమని అరుణాచలుణ్ణి వేడుకుంటూ పద్యాలు కట్టాడు. జరిగేది జరుగుతుందని రాసిచ్చిన మనిషే, జరగకూడదని ప్రార్థించాడు! పండితులు దీన్ని ఎలా సమర్థిస్తారో గానీ, నాకు మాత్రం ఆ పద్యాల వల్లే ఆయన మీద కోపం పోయింది.

1916లో ఆమె శాశ్వతంగా వచ్చేసింది. కొండమీద స్కందాశ్రమంలో పొయ్యి వెలిగించింది. అంతవరకు భిక్ష తెచ్చుకుని తినే చోట వంట మొదలైంది. 1922 మే 19న ఆమె చివరి రోజు, ఆయన గంటల తరబడి పక్కనే కూర్చున్నారు. ఒక చెయ్యి గుండెమీద, ఒక చెయ్యి తలమీద. రాత్రి దాదాపు ఎనిమిదింటికి ఊపిరి ఆగేదాకా చేతులు తియ్యలేదు. మాటలు అక్కర్లేకపోయాయి. పవళకున్రులో ఆమె అడిగింది ఆ దగ్గరతనమే కాదా అనిపిస్తుంది నాకు.

ఆమె సమాధి దగ్గరే ఆశ్రమం పెరిగింది. మౌనస్వామి ఆశ్రమమంటే సూది పడినా వినబడుతుందని ఊహించుకోకండి. రోట్లో పచ్చడి నూరే చప్పుడు, కోతులు, నెమళ్ళు, ఉడతలు, లక్ష్మి అనే ఆవు, పిల్లల ఏడుపులు, హాల్లో రేడియో కూడా. తెల్లవారకముందే లేచి ఆయన చాలా ఏళ్ళు కూరగాయలు తరిగారు. పేపరు చదివేవారు. పంక్తిలో తనకు ఏదైనా ఎక్కువ వడ్డిస్తే ఒప్పుకునేవారు కాదు. పాల్ బ్రంటన్ అనే ఇంగ్లీషు పత్రికారచయిత బోలెడు ప్రశ్నలతో వచ్చి, ఆ హాల్లో కాసేపు కూర్చునేసరికి ప్రశ్నలు వాటంతటవే జారిపోయాయని తన పుస్తకంలో రాశాడు. పుస్తకం 1934లో వచ్చాక విదేశాల నుంచి జనం వరుసకట్టారు. మనకు ఈ రోజుల్లో హాస్టల్లో నిద్రపట్టాలన్నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండాలి. ఒక గోల వినబడకుండా ఇంకో గోల పెట్టుకుంటున్నాం. ఆయన దేన్నీ ఆపమన్నట్టు నేను చదవలేదు. రేడియో మోగుతుంటే మోగనిచ్చారు.

1941లో అక్కడికి చేరిన సూరి నాగమ్మ గారి గురించి చెప్పకుండా ఉండలేను. చిన్నతనంలోనే భర్త పోయి, ఇంటి మూలలో పెరిగిన గుంటూరు జిల్లా అమ్మాయి. తనంతట తానే చదువు నేర్చుకుంది. ఆమెపై లోకం రుద్దిన మౌనం ఒకటి, హాల్లో దొరికిన మౌనం ఇంకొకటి. ఆ రెండోదాంట్లో కూర్చున్నాక ఆమె రాయడం మొదలుపెట్టింది. 1945 నుంచి అన్నగారికి తెలుగులో రాసిన ఆ ఉత్తరాలే శ్రీరమణాశ్రమ లేఖలు. ఆయన రోజు ఎలా గడిచింది, ఏమన్నారు, ఎప్పుడు నవ్వారు అన్నవి మనకు ఇంత దగ్గరగా తెలుస్తున్నాయంటే ఆమె వల్లే. చలం కూడా 1950లో అరుణాచలం చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు.

ఎడమచేతికి పుండు లేచింది, కేన్సరు. 1949లో నాలుగుసార్లు ఆపరేషన్ చేశారు. అదే ఏడాది మార్చిలో అమ్మ సమాధిమీద కట్టిన మాతృభూతేశ్వరాలయానికి కుంభాభిషేకం జరిగితే, ఆ చేత్తోనే వచ్చి కూర్చున్నారు. డాక్టర్లు విశ్రాంతి కావాలన్నా, దర్శనానికి వచ్చినవాళ్ళను ఆపనివ్వలేదు. 1950 ఏప్రిల్ 14న కూడా జనం ఆ చిన్నగది ముందు నుంచి వరుసగా నడిచి వెళ్ళారు. సాయంత్రం బయట కూర్చున్నవాళ్ళు ఆయన రాసిన అక్షరమణమాల పాడటం మొదలుపెట్టారు. ఆయన కళ్ళు తెరిచి చూశారు, కంటి చివరి నుంచి నీళ్ళు జారాయి. రాత్రి 8.47కు శ్వాస ఆగింది. పాట అప్పటికి ఇంకా అయిపోలేదు.