పాపికొండలకొచ్చిన పరాయి మనిషి

హాస్టల్ మెస్‌లో ఈ మధ్య ఎక్కడ కూర్చున్నా హెచ్1బి మాటే. లాటరీలో పేరొస్తుందా రాదా, వస్తే ఏ కంపెనీ స్పాన్సర్ చేస్తుంది, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరుకుతుందా, దొరక్కపోతే పెట్టె సర్దుకోవాల్సిందేనా... సీనియర్లు ఫోన్లో చెప్పే కథలన్నీ ఇవే. చదువుంటుంది, పనితనముంటుంది. కానీ ఆ దేశంలో కాలు నిలవాలంటే యజమాని సంతకం కావాలి.

ఇదంతా ఇక్కడి నుంచి అటు వెళ్లేవాళ్ల గొడవ. దీన్ని తిరగేసి చూపించే జీవితం ఒకటుంది. బాగా చదువుకున్న మనిషి ఒకాయన యూరప్ నుంచి మన వైపు వచ్చాడు. వచ్చిన కొద్ది నెలలకే యుద్ధం మొదలై ఆయన చేతిలో ఉన్న పాస్‌పోర్టే ఆయనకు శత్రువైంది. ఇక్కడి ఒక ప్రభుత్వం ఉండనిస్తే ఉన్నాడు, తిరగనిస్తే తిరిగాడు. అలా తిరిగిన కాలంలో కొన్ని నెలలు మన భద్రాచలానికి దిగువన, పాపికొండల్లో గడిచాయి. ఆయన పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. ఆదిలాబాద్ వైపు ఈ పేరు ఇంట్లో మనిషి పేరులాంటిది. మన ఖమ్మం, కొత్తగూడెం వైపు మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈసారి ఆయన గురించి రాస్తున్నాను.

దేశం లేకుండా పోయిన పాస్‌పోర్టు

హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. ఉన్నత వంశం, కలిగిన కుటుంబం. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, అస్సాం, బర్మా కొండజాతుల మీద 1931లో సిద్ధాంత గ్రంథం పూర్తి చేశారు. తమాషా ఏంటంటే అప్పటికి ఆయన భారతదేశం ముఖం కూడా చూడలేదు. అంతా పుస్తకాల్లోంచి రాసిందే. ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఫెలోషిప్ వచ్చింది. లండన్‌లో మలినోవ్‌స్కీ దగ్గర కొంతకాలం కూర్చున్నారు. జనం మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లతో తిని, తిరిగి రాయాలనే పద్ధతి అక్కడ పట్టుబడింది. 1936లో నాగా కొండలకు వెళ్లి కొన్యక్ నాగాల ఊళ్లలో ఏడాది పైగా ఉండొచ్చారు.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి దిగింది. ఆస్ట్రియా అనే దేశమే పటంలోంచి పోయింది. అక్కడి వాళ్లంతా కాగితాల మీద జర్మన్లయ్యారు. అదే ఏడాది హైమండార్ఫ్‌కి ఎలిజబెత్ బర్నార్డో అనే ఇంగ్లిష్ యువతితో పెళ్లయింది. అందరూ బెట్టీ అనేవాళ్లు. హైదరాబాద్ సంస్థానంలో అడవి జాతుల మీద పని చేద్దామని ఇద్దరూ 1939లో మళ్లీ ఇండియా వచ్చారు. ఆ సెప్టెంబరులోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

అప్పుడు ఇండియాలో ఉన్న జర్మన్ పాస్‌పోర్టుదారులకి పట్టిన గతి తెలిసిందే. పర్వతారోహకుడు హైన్రిష్ హారర్ కూడా ఆస్ట్రియా వాడే. ఆయన్ని ముళ్ల కంచె వెనక, డెహ్రాడూన్ శిబిరంలో పెట్టారు. 1944లో తప్పించుకుని టిబెట్ చేరిన కథ తర్వాత సినిమాగా కూడా వచ్చింది. హైమండార్ఫ్ దగ్గరున్నదీ ఆ పాస్‌పోర్టే. కానీ బ్రిటిష్ అధికారుల్లో ఆయనకు స్నేహితులున్నారు, నాగా కొండల్లో చేసిన పని వాళ్లకు తెలుసు. అందుకని అరెస్టు కూడా మర్యాదగా, క్షమాపణలతో జరిగింది. శిబిరానికి పంపకుండా, నిజాం రాజ్యం పొలిమేర దాటకూడదని కట్టడి చేసి వదిలారు.

ఒక్కసారి ఆ పరిస్థితి ఊహించుకోండి. వెనక్కి పోదామంటే సొంత దేశం లేదు. ముందుకు పోదామంటే అనుమతి లేదు. ఉన్నచోట ఉండాలంటే నిజాం సర్కారుకు తన మీద నమ్మకం ఉండాలి, తన పనితో అవసరం ఉండాలి. స్పాన్సర్ అనే మాట అప్పుడు వాడుకలో లేదేమో గానీ సంగతి మాత్రం అదే.

ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తిరగనిచ్చిన మేర తిరిగారు. 1940లో నల్లమల అంచున అమ్రాబాద్ పీఠభూమికి వెళ్లి చెంచుల మధ్య గుడారం వేశారు. ఆ పుస్తకం 1943లో వచ్చింది. చెంచుల కోసం అడవిలో కొంత మేర ప్రత్యేకంగా కేటాయించాలన్న సూచన కూడా ఆ పనిలోంచి పుట్టిందే.

గోదావరి ఒడ్డున రెడ్లు

చెంచుల తర్వాత మన వైపు వచ్చారు, 1941లో. పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లకి పేరంటపల్లి గుర్తుండే ఉంటుంది. లాంచీ ఆగుతుంది, గుడి చూస్తాం, వెదురుతో చేసిన పూలు కొనుక్కుంటాం, ఫొటోలు దిగి వెనక్కొస్తాం. ఆ పేరంటపల్లి, కొయిదా, కట్కూరు చుట్టుపక్కల కొండల్లో ఉండేవాళ్లు కొండరెడ్లు. హైమండార్ఫ్, బెట్టీ దిగింది ఈ జనం మధ్యలోనే.

అప్పటి సరిహద్దులు ఇప్పటిలా లేవు. ఖమ్మం జిల్లా అనేదే లేదు, వరంగల్ జిల్లాలో భాగం. 1953లో గానీ విడిగా ఏర్పడలేదు. గోదావరికి కుడి ఒడ్డు నిజాంది. ఎడమ ఒడ్డున భద్రాచలం తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలో, తూర్పు గోదావరి ఏజెన్సీ కింద ఉండేది. భద్రాచలం ఖమ్మంలో కలిసింది 1959లో. అంటే మనం పది నిమిషాల్లో దాటే నది ఆయనకు అనుమతి లేకుండా దాటకూడని గీత.

రెడ్లకి ఆ గీత ఇంకో రకంగా తగిలింది. ఎడమ ఒడ్డున 1917 నుంచీ ఏజెన్సీ భూముల చట్టం ఉంది. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతుల్లోకి పోవాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి కావాలి. ఆ చట్టం ఎంతవరకు అమలయిందనేది వేరే మాట, కాగితం మీదైనా ఉంది. కుడి ఒడ్డున అలాంటిదేమీ లేదు. ఒకే జనం, ఒకే భాష, ఒకే పోడు, నడుమ ఏరు. ఏ ఒడ్డున పుట్టారన్నదాన్ని బట్టి హక్కులు మారిపోయేవి.

కొండరెడ్లు నాగలి పట్టేవాళ్లు కాదు. కొండవాలు మీద చెట్లు నరికి, కాల్చి, గునపపు కర్రతో గుంటలు చేసి జొన్న, చిరుధాన్యాలు చల్లేవాళ్లు. పోడు పంట అయిపోయాక అడవి దుంపలు, మామిడి టెంకల జావ, జీలుగు కల్లు. అదీ వాళ్ల ఏడాది. ఈ ఏడాదిలోకి కలప, వెదురు వ్యాపారం దూరింది. అటవీ శాఖ అడవిని కూపులుగా వేలం వేసేది. మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు పాడుకునేవాళ్లు. నరకడానికి, నది దాకా మోయడానికి రెడ్లు కావాలి. నరికిన వెదురుని తెప్పలు కట్టి రాజమండ్రి వైపు వదిలేవాళ్లు.

కూలీని నిలబెట్టుకునే ఉపాయం అడ్వాన్సు. ముందు కాస్త ధాన్యం, ఒక గుడ్డ, నాలుగు రూపాయలు ఇస్తారు. లెక్క రాసేది కాంట్రాక్టరు గుమాస్తా. రెడ్డికి చదువు రాదు. ఎంత నరికినా బాకీ తీరదు, తీరనంతకాలం ఇంకొకరి దగ్గరికి పోలేడు. పోడు కొట్టుకోవాల్సిన రోజుల్లోనే కూపులో పని పడుతుంది, దాంతో ఆ ఏడు పంట తగ్గుతుంది, తిండికి మళ్లీ అడ్వాన్సే గతి. ఈ గుండ్రం ఎలా తిరుగుతుందో హైమండార్ఫ్ ఒక్కో ఊళ్లో, ఒక్కో ఇంట్లో కూర్చుని తెలుసుకుని రాశారు. బైసన్ హిల్స్ రెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. దాని ఉపశీర్షికలోనే బయటి ప్రపంచం తగిలినప్పుడు ఒక జాతికి ఏమవుతుందన్న విషయం ఉంది.

ఇక్కడే నాకు ఈ మనిషి ముఖ్యమనిపించాడు. పండుగలు, పెళ్లిళ్లు, దేవతల గురించి రాసుకుని ఊరుకుంటే ఆయన్ని ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కానీ తప్పంతా ఒక్క కాంట్రాక్టరుది కాదు. వేలం వేసింది సర్కారు, ఆదాయం తిన్నది సర్కారు, కింది ఉద్యోగులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఎవరి మాట మీద తాను జైలు బయట ఉన్నాడో ఆ సర్కారు తప్పుల్ని ఆ సర్కారుకే రాసివ్వాలి. ఆయన రాసిచ్చారు. చెంచులు, రెడ్లు, గోండులు, కోయల స్థితిగతుల మీద ఆయన ఇచ్చిన నాలుగు నివేదికలు 1945లో ఒకే సంపుటిగా అచ్చయ్యాయి. నిజాం ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న గ్రిగ్‌సన్ దానికి ముందుమాట రాశారు. అంటే వినేవాళ్లు కూడా కొందరు ఉన్నారన్నమాట. ఆ ఒక్క సంగతి లేకపోతే కథ ఇంకోలా ఉండేదేమో.

మార్లవాయి

వినడానికి కారణం కూడా ఉంది. 1940లో ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. భూమి, అడవి, పశువుల మేత కోసం గోండులు తిరగబడితే సర్కారు తుపాకీతో జవాబు చెప్పింది. చెప్పాక, అసలు వీళ్లు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం పడింది. ఆ పని హైమండార్ఫ్‌కి వచ్చింది. దంపతులు మార్లవాయి గూడెంలో ఇల్లు వేసుకుని గోండులతో కలిసి ఉన్నారు. 1943లో అక్కడే గోండు టీచర్లకి శిక్షణా కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. వేల కుటుంబాలకి భూమి పట్టాలు అందాయి. మన వైపు కోయల కోసం కూడా విద్యా పథకం పెట్టారు. 1946లో నిజాం ప్రభుత్వం గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చింది. కుడి ఒడ్డుకి చట్టం అనేది అప్పటికి వచ్చింది.

ఈ మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1944లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, ఈ శత్రుదేశ పౌరుణ్ణే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఈశాన్య సరిహద్దుకి, ఇప్పటి అరుణాచల్‌లోని సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపింది. చైనా, టిబెట్ దిక్కు సరిహద్దులో సర్కారు పని అప్పగించింది ఎవరికి? ఐదేళ్ల కిందట అరెస్టు చేసిన మనిషికే. మనిషితో అవసరం పడితే కాగితం మీది ముద్ర ఎంత తేలికైపోతుందో చూడండి. అవసరం లేని రోజున అదే ముద్ర కొండంత బరువు.

తిరిగొచ్చాక నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా పని చేశారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాద్ ఇండియాలో కలిసింది. పదేళ్లలో రెండోసారి ఆయన కాళ్ల కింద ఒక రాజ్యం మాయమైంది. మొదటిది పుట్టిన దేశం, రెండోది ఆశ్రయమిచ్చిన సంస్థానం. 1949లో లండన్‌లోని సోయాస్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. 1951లో అక్కడే ప్రొఫెసర్ అయ్యారు. 1953 నుంచి నేపాల్‌లో షెర్పాల మధ్య పనిచేసి ఆ రంగంలోనూ పెద్ద పేరు తెచ్చుకున్నారు.

మళ్లీ వచ్చి చూస్తే

కథ ఇక్కడితో అయిపోతే సుఖాంతమే. కానీ రిటైరయ్యాక 1970లలో ఆయన మళ్లీ మన రాష్ట్రానికి వచ్చి పాత ఊళ్లన్నీ తిరిగారు. తాము దగ్గరుండి ఇప్పించిన పట్టా భూములు చాలాచోట్ల బయటివాళ్ల చేతుల్లో కనిపించాయి. 1959 రెగ్యులేషన్, దాన్ని బిగిస్తూ 1970లో వచ్చిన సవరణ, అంటే మన ఊళ్లలో అందరూ 1/70 అనే చట్టం, రెండూ పుస్తకంలో బలంగానే ఉన్నాయి. భూమి మాత్రం జారిపోతూనే ఉంది. ఆ బాధంతా 1982లో వచ్చిన పుస్తకంలో ఉంది. భారత గిరిజనులు బతుకు కోసం చేస్తున్న పోరాటం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. తాను మొదలుపెట్టిన పని నిలబడలేదని దాచకుండా ఒప్పుకున్న పుస్తకం అది.

1987లో బెట్టీ హైదరాబాద్‌లో చనిపోయారు. ఆమెని మార్లవాయి తీసుకెళ్లి సమాధి చేశారు. 1995 జూన్‌లో లండన్‌లో ఆయన పోయారు. తర్వాత ఆయన అస్థికలు కూడా మార్లవాయికే వచ్చి ఆమె పక్కన చేరాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడ కలుసుకుని ఇద్దరినీ తలచుకుంటారు.

మన వైపు అలాంటి గుర్తేమీ లేదు. ఆయన తిరిగిన కొండరెడ్ల ఊళ్లున్న వేలేరుపాడు మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. పోలవరం ముంపు పటంలో ఉంది. నిజాం పోయాడు, మద్రాసు పోయింది, ఖమ్మం పోయింది. రెడ్లు మాత్రం కదలకుండానే నాలుగు పాలనలు చూశారు, ఇప్పుడు నీళ్ల కోసం కదలమంటున్నారు.

రేపు మనలో చాలామంది ఆఫర్ లెటర్ పట్టుకుని ఎవరో ఒకరి సంతకం నీడలో ఇంకో దేశంలో ఉంటాం. ఆ భయం ఎలాంటిదో హైమండార్ఫ్‌కి మనకంటే బాగా తెలుసు. అయినా ఆయన గోదావరి ఒడ్డున కూర్చుని తన కన్నా గట్టిగా కట్టేసి ఉన్న మనిషి బాకీ లెక్క రాసుకున్నారు. ఈసారి పాపికొండల ట్రిప్‌కి వెళ్లినప్పుడు పేరంటపల్లిలో వెదురు పూలు అమ్మేవాళ్లతో బేరమాడకుండా ఒక పది నిమిషాలు మాట్లాడి రండి.